వేలెడంత బ్యాటరీ

వంటింటి బల్ల మీద రెండు బ్యాటరీలున్నాయి. ఒకటి లావుపాటి బాల్‌పెన్నులా పొడుగ్గా ఉంది. రెండోది అగ్గిపెట్టె కంటే కాస్త చిన్నది, అంచులు నున్నగా ఉన్నాయి, గుప్పిట మూస్తే కనిపించదు. మా అన్నయ్య కొడుకు వాటిని నా ముందు పెట్టి, "బాబాయ్, వీటిలో ఏది మంచిదో కాస్త చూసి చెప్పు. మా పక్కింటావిడ కోసం" అన్నాడు.

వాడుండేది అమెరికాలో కొలరాడో రాష్ట్రం, డెన్వర్ శివారు. వాడింటికి చుట్టపుచూపుగా వెళ్లాను. పక్కింటావిడకి డెబ్బై దాటాయి. కేన్సరుకి కీమో నడుస్తోంది. వాంతులకీ, చచ్చిపోయిన ఆకలికీ డాక్టరుకి చెప్పే గంజాయి సారం వాడుతోంది. ఆ రాష్ట్రంలో అది నేరం కాదు. 2012లో జనం ఓటేసి ఒప్పుకున్నారు, 2014 జనవరి 1న దుకాణాలు తెరిచారు. ఆ సారాన్ని చిన్న గాజు బుడ్డిలో నింపి అమ్ముతారు. బుడ్డిని బ్యాటరీకి బిగించి, వేడిచేసి, వచ్చే ఆవిరి పీల్చాలి. ఆవిడ చెప్పిన కష్టం ఇది: పొద్దున ఛార్జింగు తీసిన వెంటనే లాగితే మాడు వాసన, గొంతు మంట. సాయంత్రానికి ఎంత లాగినా ఏమీ రాదు. బుడ్డి మాత్రం అదే.

ముప్ఫై ఏళ్లు పాలిటెక్నిక్ పిల్లలకి ఎలక్ట్రానిక్స్ చెప్పినవాణ్ని. ఆవిడ మాట వినగానే సగం జవాబు తట్టింది. నిండుగా ఉన్నప్పుడు ఒకలా, దిగిపోతున్నప్పుడు ఇంకొకలా నడిచే బ్యాటరీ అది. ఆ గుణం గురించి పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసిన మిల్లీయాంపియర్ అవర్ల అంకె ఒక్క ముక్క కూడా చెప్పదు. కొనేవాళ్లు మాత్రం ఆ అంకె చూసే కొంటారు.

వస్తువు ఎలా ఉంటుందో ముందు చూద్దాం. పైన అర మిల్లీలీటరో, ఒక మిల్లీలీటరో చిక్కటి నూనె పట్టే బుడ్డి ఉంటుంది. దాన్ని కార్ట్రిడ్జి అంటారు. దాని అడుగున సన్నటి రంధ్రాలున్న పింగాణీ ముక్క, అందులో ఒదిగిన సన్నటి తీగ ఉంటాయి. ఆ తీగే కాయిలు. నూనె పింగాణీలోకి ఇంకి కాయిలు దగ్గరికి చేరుతుంది, కాయిలు వేడెక్కితే ఆవిరవుతుంది. కింద బ్యాటరీ. ఈ రెండింటినీ కలిపేది ఒక మర. బ్యాటరీ మూతి లోపల మర చుట్లు, నడుమ పప్పుగింజంత లోహపు బొడిపె. బొడిపె ప్లస్, చుట్టూ ఉన్న మర మైనస్.

ఆ మరకి 510 అని పేరు. చైనా కంపెనీ జాయ్‌టెక్ ఒకప్పుడు అమ్మిన 510 అనే మోడల్ నుంచి వచ్చిన పేరది. 7 మిల్లీమీటర్ల వ్యాసం, అర మిల్లీమీటరుకి ఒక చుట్టు. తక్కిన కంపెనీలు కూడా అదే మర పట్టుకోవడంతో ఇప్పుడు ఎవరి బుడ్డయినా ఎవరి బ్యాటరీ మీదయినా కూర్చుంటుంది, మన ఇళ్లలో ఏ కంపెనీ బల్బయినా ఏ హోల్డర్లోనయినా పట్టినట్టు. సౌకర్యంగానే ఉంటుంది. కానీ చిక్కంతా ఇక్కడే ఉంది. బుడ్డి చేసినవాడికి దాన్ని ఏ బ్యాటరీకి తగిలిస్తారో తెలీదు. బ్యాటరీ చేసినవాడికి బుడ్డిలో ఏముందో తెలీదు. ఎంత వేడి కావాలో చూసుకునే పని చివరికి వాడే మనిషి మీద పడుతుంది. కీమోతో చేతులు వణికే పెద్దావిడ మీద కూడా.

కాల్చకుండా ఆవిరి పీల్చాలనే ఆలోచన నిన్నమొన్నటిది కాదు. పొగాకు కాల్చకుండా వెచ్చటి, తడి గాలి పీల్చే సాధనానికి హెర్బర్ట్ గిల్బర్ట్ అనే అమెరికన్ 1963లో దరఖాస్తు పెట్టి 1965లో పేటెంటు తెచ్చుకున్నాడు. దాన్ని తయారుచేసేవాళ్లు దొరకలేదు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత, 2003లో, చైనాలో హోన్ లిక్ అనే ఫార్మసిస్టు ఇప్పటి ఎలక్ట్రానిక్ సిగరెట్టుకి మూలమైన నమూనా పేటెంటు చేశాడు. ఈ రెండు పేటెంట్ల మధ్య జరిగిన అసలు సంగతి లిథియం అయాన్ బ్యాటరీ. 1991లో సోనీ కంపెనీ దాన్ని మొదటిసారి బజారులో పెట్టింది. వేలెడంత జాగాలో కాయిలు ఎర్రబడేంత శక్తి ఇమడడం దాంతోనే కుదిరింది. ఆ బ్యాటరీకి బాటలు వేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. గుడెనఫ్‌కి అప్పటికి 97 ఏళ్లు.

ఆ 2019 ఈ చిన్న వస్తువు కథలో గుర్తుంచుకోవాల్సిన ఏడాది. అమెరికాలో వేప్, అంటే ఇలాంటి ఆవిరి సాధనం, పీల్చినవాళ్లు ఊపిరితిత్తులు పాడై ఆసుపత్రుల్లో చేరడం మొదలైంది ఆ వేసవిలోనే. సెప్టెంబరు 18న మన దేశంలో ఎలక్ట్రానిక్ సిగరెట్లని నిషేధిస్తూ ఆర్డినెన్సు వచ్చింది, డిసెంబరుకల్లా అది చట్టమైంది. నికోటిన్ ఉన్నా లేకపోయినా, ఒక పదార్థాన్ని వేడిచేసి ఆవిరి పీల్పించే ఎలక్ట్రానిక్ సాధనం ఏదైనా దాని కిందికే వస్తుంది. తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరమే. నిల్వకి శిక్ష కాస్త తక్కువ. తక్కినవాటికి మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్లు, అయిదు లక్షలు. గంజాయి సారం సంగతి సరేసరి, దానికి 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఉండనే ఉంది. అమెరికాలో చదువుకుని సెలవులకి హైదరాబాదులో దిగే పిల్లలు ఇలాంటిది సరదాగా జేబులో వేసుకొస్తే సరదా అక్కడితో ఆగదు. ఈ మాట వాళ్ల అమ్మానాన్నలకి కూడా తెలియాలని ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక బల్ల దగ్గరికి వద్దాం. ఆవిడ వాడుతున్నది పెన్నులాంటిది. దాని పెట్టె మీద 1100 ఎంఏహెచ్ అని ఉంది. కొత్తగా కొన్న చిన్న డబ్బా మీద 350 అని ఉంది. "మూడింతలు ఉన్నది వదిలేసి దీన్ని ఎందుకు కొన్నావురా?" అని అడిగాను. "దుకాణంవాడు ఇదే మంచిదన్నాడు, నాకూ అర్థం కాలేదు" అన్నాడు.

అబద్ధాన్ని పట్టుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు, స్కేలు చాలు. ఎంఏహెచ్, అంటే మిల్లీయాంపియర్ అవర్లని, వెయ్యితో భాగించి 3.7 వోల్టులతో హెచ్చవేస్తే బ్యాటరీలో పట్టే శక్తి వాట్ అవర్లలో వస్తుంది. 1100కి దాదాపు 4.1. లిథియం అయాన్ సెల్లులో ఒక ఘన సెంటీమీటరు జాగాలో ఎంత శక్తి పడుతుందనేదానికి ఒక హద్దు ఉంది. లాప్‌టాపుల్లో, ఎలక్ట్రిక్ బండ్లలో వాడే మేలురకం 18650 సెల్లులో 0.7 పైచిలుకు పడుతుంది. ఇలాంటి చిన్న సెల్లుల్లో పైపొర, అంచుల మడతలు జాగా తినేస్తాయి కాబట్టి 0.5కి అటూ ఇటూ పడితే గొప్ప. ఉదారంగా 0.6 అనుకున్నా, 4.1 వాట్ అవర్లకి దాదాపు 7 ఘన సెంటీమీటర్లు కావాలి. పెన్ను లోపలి వ్యాసం 9 మిల్లీమీటర్లు. ఆ లెక్కన ఒక్క సెల్లే పది సెంటీమీటర్లు దాటాలి. పెన్ను మొత్తం పొడుగు ఎనిమిది. అందులోనే సర్క్యూటు, బటను, మర ఉన్న మూతి. ఆ అంకె అందులో పట్టదు.

350 అంకెని అలాగే చూస్తే 1.3 వాట్ అవర్లు, రెండు ఘన సెంటీమీటర్ల పైచిలుకు. చిన్న డబ్బాలో హాయిగా పడుతుంది. తర్వాత యుఎస్‌బి మీటరు పెట్టి రెండింటినీ పూర్తిగా దించి, మళ్లీ నింపి చూశాం. 1100 అని రాసిన పెన్నులోకి ఎక్కింది 320 దగ్గర ఆగిపోయింది. 350 అన్నదానిలోకి 340 ఎక్కింది. పెద్దావిడ మూడేళ్లుగా మూడో వంతు కూడా లేని సరుకుకి డబ్బులిస్తోంది. నాకు బాధేసింది. ఇలాంటి అంకెలు మన బజార్లలోనూ ఉన్నాయి. 18650 సెల్లు మీద 9900 అని అచ్చువేసి టార్చిలైట్లతో అమ్ముతారు. ఆ సైజులో మంచి సెల్లుల్లో పెద్దవి కూడా చాలావరకు 3500 చుట్టుపక్కలే. అంకె పక్కన స్కేలు పెట్టి చూసే అలవాటు పవర్ బ్యాంకు కొనేటప్పుడు కూడా పనికొస్తుంది.

నిజానికి కెపాసిటీ అంకె అంత ముఖ్యం కూడా కాదు. ఎందుకో ఒక దమ్ము లెక్క చూస్తే తెలుస్తుంది. కాయిలు నిరోధం 1.4 ఓములు, దానికి 3.2 వోల్టులు ఇస్తే ఖర్చయ్యేది 7.3 వాట్లు. మూడు సెకన్ల దమ్ముకి 22 జౌళ్లు. 350 ఎంఏహెచ్ సెల్లులో ఉన్నవి 4,660 జౌళ్లు. సర్క్యూటులో పోయేది, అడుగున మిగిలేది తీసేసినా నూటయాభై దమ్ములకి తక్కువ రావు. ఆవిడ రోజుకి లాగేది అయిదో ఆరో. ఆవిడకి ఇంతకంటే పెద్ద సెల్లుతో పని లేదు.

అసలు పరీక్ష ఆ మూడు సెకన్లలో ఉంది. 7.3 వాట్లివ్వాలంటే సెల్లు రెండు యాంపియర్ల పైన కరెంటు పారించాలి. 350 ఎంఏహెచ్ అంటే గంటసేపు 0.35 యాంపియర్ ఇవ్వగల సెల్లు. దాన్ని ఆరింతల వేగంతో తోడుతున్నామన్నమాట. మన పల్లెల్లో చూసే ఉంటారు. పక్కింట్లో నీళ్ల మోటారు వేయగానే మన ఇంట్లో లైటు ఒక్కసారి డల్ అవుతుంది. ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చే తీగల నిరోధమే అందుకు కారణం. కరెంటు ఎక్కువ లాగితే దారిలోనే వోల్టేజి పడిపోతుంది. సెల్లు లోపల కూడా అలాంటి దారి ఉంది. లిథియం అయాన్లు ద్రవంలో ఈది, సన్నటి పొర రంధ్రాల్లోంచి దూరి, అవతలి పలకలోకి ఇంకాలి. ఆ ప్రయాణానికి ఎదురయ్యే అడ్డే సెల్లు అంతర్నిరోధం. అది 0.1 ఓము ఉంటే రెండు యాంపియర్లకి 0.2 వోల్టు లోపలే పోతుంది, 0.4 వాట్ల వేడి సెల్లులోనే పుడుతుంది. సెల్లు ముసలిదై ఆ నిరోధం 0.3కి చేరితే పోయేది 0.6 వోల్టు, లోపల పుట్టే వేడి మూడింతలు. "ఫుల్ ఛార్జింగు చూపిస్తుంది, వాడగానే దిగిపోతుంది" అని ఫోన్ల రిపేరు షాపుల్లో రోజూ వినే మాటకి అర్థం ఇదే. నిండటం నిజమే, దారి పూడుకుపోయింది.

దీన్ని చూడటానికి ఖాళీ అయిన పాత బుడ్డి అడుగుని కోసి, ఆ మరకి రెండు తీగలు అతికి, అల్యూమినియం కవచమున్న ఒకటిన్నర ఓముల పెద్ద రెసిస్టర్ తగిలించాను. బ్యాటరీకి అది కాయిలు లాగే కనిపిస్తుంది, నూనె మాత్రం ఉండదు. బటను నొక్కి మీటరు చూడటమే పని. నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, సగం దిగాక ఒకసారి, లైటు ఎర్రబడి ఇక దిగిపోయేముందు ఒకసారి. ఈ మూడు అంకెలే బ్యాటరీ జాతకం.

ఆవిడ పెన్ను నిండుగా ఉన్నప్పుడు 'హై'లో 4 వోల్టులు ఇచ్చింది, చివర్లో 3.2. దాని లోపల వోల్టేజిని నిలబెట్టే ఏర్పాటేమీ లేదు. సెల్లులో ఎంతుంటే అంత నేరుగా కాయిలుకి పంపిస్తోంది. లిథియం సెల్లు నిండితే 4.2 వోల్టులు, దిగేకొద్దీ 3 దాకా జారుతుంది. అది దాని స్వభావం. జారుడు కొంచెమే కదా అనిపిస్తుంది. కానీ వేడి వోల్టేజిని బట్టి పెరగదు, వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 4 వోల్టుల దగ్గర 1.4 ఓముల కాయిలులో పుట్టేది 11.4 వాట్లు, 3.2 దగ్గర 7.3. పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య పొయ్యి మంట మూడో వంతుకి పైగా తగ్గిపోయిందన్నమాట. పొద్దున మాడు వాసన, సాయంత్రం ఖాళీ దమ్ము. ఆవిడ ముక్కు, గొంతు నా మీటరుకంటే ముందే ఆ సంగతి చెప్పాయి.

చిన్న డబ్బా ఇంకోలా నడిచింది. 3.2 మీద పెడితే నిండుగా ఉన్నప్పుడూ 3.2, చివర్లోనూ 3.2. సెల్లు 3.2 కంటే కిందికి జారినా బయటికి అదే వస్తోంది. అంటే లోపల ఒక కన్వర్టరు ఉంది, సెల్లు వోల్టేజి పడిపోతే దాన్ని ఎత్తి ఇస్తోంది, ఎక్కువైతే దించి ఇస్తోంది. పది పదిహేను శాతం శక్తి దానికి మూల్యం. నా దృష్టిలో అది ఇచ్చి తీరాల్సిన మూల్యం.

మీటరుతో కొలిచేవాళ్లకి ఇక్కడ ఒక హెచ్చరిక. చవక బ్యాటరీలు కొన్ని వోల్టేజిని నిజంగా తగ్గించవు. సెకనుకి వందల సార్లు ఆపి వేస్తూ సగటు తగ్గిస్తాయి. మామూలు మల్టీమీటరు ఆ సగటునే చూపిస్తుంది. కాయిలుకి తగిలే వేడి మాత్రం సగటుని బట్టి ఉండదు. 4.1 వోల్టులని నూటికి 78 పాళ్ల సేపు వేసి, తక్కిన సేపు ఆపితే మీటరు 3.2 అంటుంది, కాయిలు 3.6 వోల్టులు తగిలినట్టు వేడెక్కుతుంది. అంటే దాదాపు 28 శాతం ఎక్కువ వేడి. ఆసిల్లోస్కోపు లేనివాళ్లు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో రెసిస్టర్ ఎంతసేపట్లో ఎంత వేడెక్కిందో చూసి పోల్చుకోవచ్చు. వేడి అబద్ధమాడదు.

వేడి గురించి ఇంతలా పట్టుబట్టడానికి రుచి ఒక్కటే కారణం కాదు. ఆవిరి పీల్చేచోట బ్యాటరీయే పొయ్యి, కాయిలే బాణలి. నూనె వేడిని బట్టి పోపు వాసన మారినట్టే, ఇక్కడ పీల్చే రసాయనాలే మారిపోతాయి. గంజాయి సారానికి వాసననిచ్చే టెర్పీన్లు, అంటే నిమ్మతొక్కలో, దేవదారు జిగురులో ఉండేలాంటి పదార్థాలు, బాగా కాగితే ముక్కలై మెథక్రోలిన్, బెంజీన్ పుడతాయని పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ రసాయన శాస్త్రజ్ఞులు 2017లో చూపించారు. బెంజీన్ కేన్సరు తెచ్చే పదార్థం. కేన్సరుతో పోరాడుతున్న మనిషి ఊపిరిలోకి అది పోకూడదు. వోల్టేజి ఎంత తక్కువైతే అంత మంచిదని నేను పట్టుబట్టింది అందుకే.

ఇప్పుడొక మాట గట్టిగా చెప్పాలి. బ్యాటరీ ఎంత మంచిదయినా బుడ్డిలో ఉన్నదాన్ని బాగుచేయలేదు. 2019లో అమెరికాలో జరిగింది అదే. 2020 ఫిబ్రవరి 18 నాటికి ఆ ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రి పాలైనవాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి 2,807 మంది అని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క కట్టింది. అందులో మృతులు 68 మంది. 51 మంది రోగుల ఊపిరితిత్తులు కడిగిన ద్రవాన్ని పరీక్షిస్తే 48 మందిలో విటమిన్ ఇ అసిటేట్ దొరికింది. దొంగ బజారులో నూనెని పలచనచేసి, ఆ పలచన కనపడకుండా చిక్కగా చూపించడానికి కలిపిన పదార్థం అది. చర్మానికి రాసుకునే క్రీముల్లో ఉంటుంది, మాత్రగా మింగినా హాని లేదు. ఊపిరితిత్తుల సంగతి వేరు. డబ్లిన్‌లోని శాస్త్రజ్ఞులు 2020లో, దాన్ని వేడిచేస్తే కీటీన్ అనే విషవాయువు పుట్టగలదని ప్రయోగం చేసి చూపించారు. ఒకే పదార్థం దారి మారితే విషమవుతుంది.

కాయిలు లోహం సంగతి కూడా ఉంది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంవాళ్లు 2018లో 56 మంది వాడుతున్న నికోటిన్ సాధనాలు తెప్పించి చూస్తే, సీసాలో ఉన్న ద్రవంలో అంతగా లేని సీసం, క్రోమియం, నికెల్ కాయిలుని తాకిన ద్రవంలోనూ, వచ్చిన ఆవిరిలోనూ ఎక్కువగా కనిపించాయి. ఆవిడ వాడేది వేరే సారం, వేరే బుడ్డి. కానీ వేడెక్కే లోహం నూనెలో మునిగి ఉండటం రెండింటికీ ఒకటే.

అందుకే బ్యాటరీ సంగతి చూడకముందే ఆవిడని అడిగాను, పీల్చకుండా మింగే మందు లేదా అని. ఉంది. డ్రోనబినాల్ అనే గుళిక కీమో వాంతులకి 1985 నుంచీ అమెరికాలో ఆమోదం పొంది ఉంది. ఆవిడ నవ్వింది. "వాంతి ఆపడానికి గుళిక వేసుకుంటే ఆ గుళికే వాంతిలో వచ్చేస్తోంది" అంది. పీల్చితే నిమిషాల్లో పనిచేస్తుంది, లోపల నిలవాల్సిన పని లేదు. ఆ జవాబు తర్వాత నేను వాదించలేదు. పరీక్షలు చేసి పట్టీ అతికించిన బుడ్డి మాత్రమే, లైసెన్సున్న దుకాణం నుంచే కొనమని మాత్రం చెప్పాను. ఆవిడ అప్పటికే అలాగే చేస్తోంది.

ఇక భద్రత. లిథియం సెల్లు తీరు లారీ బ్యాటరీలాంటిది కాదు. లారీ బ్యాటరీలో ఉన్నది నీళ్లలో కలిపిన ఆమ్లం. ఇందులోది మండే ద్రవం. రెండు పలకల మధ్య ఉన్న పొర చాలాచోట్ల పాలిథిన్ జాతిదే, 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఏ కారణం చేతనయినా లోపల ఒకచోట పలకలు తగులుకుంటే ఆ వేడికి పక్కన పొర కరుగుతుంది, ఇంకాస్త చోట తగులుకుంటాయి, ఇంకా వేడి పుడుతుంది. అక్కడి నుంచి దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మొదలైన మంటల పొగ పై అంతస్తుల లాడ్జిలోకి ఎక్కి ఎనిమిది మంది చనిపోవడం తెలుగువాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఇది దానితో పోలిస్తే చాలా చిన్నది. కానీ ఇది ఉండేది మనిషి నోటి దగ్గర, జేబులో. 2009 నుంచి 2016 చివరిదాకా అమెరికాలో ఎలక్ట్రానిక్ సిగరెట్లు పేలడం, మండటం 195 సార్లు జరిగినట్టు అక్కడి అగ్నిమాపక శాఖ నమోదు చేసింది. 2015లో విమానాల లగేజీ సంచుల్లో వీటిని పెట్టడం నిషేధించారు. చేతిసంచిలోనే ఉండాలి. మండితే మనుషుల కళ్లెదుట మండాలని, ఆర్పే వీలుండాలని.

డబ్బా మూత విప్పి చూశాను. నేను చేశాను కదా అని మీరు చేయకండి, స్క్రూడ్రైవరు ఒక్కసారి సెల్లుని గుచ్చితే చాలు. వెండిరంగు సంచిలాంటి సెల్లు, దానికి ఎర్ర తీగ, నల్ల తీగ. సంచి చదునుగా ఉంది. ఉబ్బితే లోపల గ్యాసు పుడుతోందన్నమాట, అలాంటిది మరి ఛార్జింగు పెట్టకూడదు. సెల్లుకి ఆనుకుని బియ్యపు గింజలంత రెండు చిప్పులు. ఒకటి వోల్టేజి మీద నిఘా పెడుతుంది, రెండోది తలుపులా తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. సెల్లు 4.3 దాటి నిండబోతే, రెండున్నర కిందికి దిగబోతే, కరెంటు హద్దు మీరితే తలుపు మూసేస్తాయి. మూతిలో తాళంచెవి పడి ప్లస్, మైనస్ కలిసిపోయినా కాపాడేవి ఈ రెండు గింజలే. పెన్నులో అవి ఉన్నాయో లేదో విప్పకుండా తెలీదు, కానీ ఎక్కువసేపు నొక్కితే ఆగే ఏర్పాటు ఉందో లేదో చూడొచ్చు. రెసిస్టర్ తగిలించి బటను నొక్కిపట్టాను. డబ్బా పది సెకన్లకి తనంతట తాను ఆగింది. పెన్ను ఆగలేదు. ఇరవై సెకన్లు దాటాక నేనే వదిలేశాను, అప్పటికే దాని ఒళ్లు కాలుతోంది. అయిదుసార్లు గబగబా నొక్కితే బటను పనిచేయకుండా తాళం పడే ఏర్పాటు దాదాపు అన్నింటికీ ఉంటుంది. పెన్నుకి అదీ లేదు. చేతిసంచిలో బటను మీద పుస్తకం ఒరిగి నొక్కుకుపోతే దాన్ని ఆపేవాళ్లు ఎవరు?

దాని ఛార్జరు కూడా పాతకాలంది, మూతికే మరలో బిగించేది. అలాంటి ఛార్జర్లలో సెల్లు నిండాక ఆపే బుద్ధి ఎక్కడ ఉంటుందో బయటినుంచి తెలీదు. ఒకదాని ఛార్జరు ఇంకోదానికి బిగిస్తే అసలే తెలీదు. డబ్బాకి యుఎస్‌బి సి రంధ్రం ఉంది, ఆపే పని దాని లోపలే జరుగుతుంది.

రెండ్రోజులు ఈ పనిలోనే గడిచాయి. ఇంకోటి కూడా మనసులో పడింది. పారేసే రకం వేప్‌లలో కూడా ఇలాంటి సెల్లే ఉంటుంది, ఛార్జింగు పెట్టే రంధ్రమే ఉండదు. లండన్‌లోని యూసీఎల్, ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో అలాంటివి విప్పి సెల్లులు తీసి పరీక్షిస్తే, 450 సార్లకు పైగా ఛార్జి చేసి వాడుకోగలిగే సెల్లులని తేలింది. ఒక్కసారి వాడి చెత్తలో వేయడానికి తయారైనవి. బ్రిటన్ 2025 జూన్ 1 నుంచి పారేసే రకాన్ని అమ్మకుండా నిషేధించింది. గనిలో తవ్విన లిథియం, కోబాల్టు, వాటి వెనక ఉన్న మనుషుల శ్రమ తలుచుకుంటే ఆ పని ఎప్పుడో జరగాల్సింది.

మూడో రోజు పొద్దున చిన్న డబ్బాని ఆవిడకిచ్చాం. 2.6 వోల్టుల మీద పెట్టి, వోల్టేజి మార్చే బటను మీద మావాడు చిన్న కాగితం ముక్క అంటించాడు, వణుకుతో పొరపాటున మారిపోకుండా. పెన్ను ఇచ్చిన 4 వోల్టులతో పోలిస్తే 2.6 దగ్గర పుట్టే వేడి సగం కూడా ఉండదు. రాత్రి దిండు పక్కన ఛార్జింగు పెట్టొద్దని, కారులో ఎండకి వదలొద్దని చెప్పాను. పెన్ను మూతికి ప్లాస్టిక్ టేపు చుట్టి, బొడిపె కనిపించకుండా చేసి, హార్డ్‌వేర్ దుకాణం గుమ్మం దగ్గర పాత బ్యాటరీల పెట్టెలో వేసి వచ్చాడు మావాడు.

నేను బయల్దేరేముందు ఆవిడ కంచె దగ్గర కనిపించింది. నిన్న రాత్రి గిన్నెడు సూపు తాగిందట, లోపలే నిలిచిందట. బ్యాటరీ ఎలా ఉందని అడిగాను. ఒక్క క్షణం ఆలోచించి, "దాని సంగతే గుర్తు రాలేదు" అంది.